పెట్టె తేలని పద్నాలుగు ఆదివారాలు

ఆ దర్జీ ఏ వస్తువునూ ఒక్కటిగా చూడలేడు. ఏది చూసినా దాని పక్కన ఇంకొకటి పెట్టి బేరీజు వెయ్యాలి. అందుకే వీధిలో అందరూ అతన్ని తక్కెడ అంటారు. ఒకసారి వానాకాలం మొదట్లో గొడుగు కొనడానికి బయల్దేరాడు. నల్లదా నీలందా, మడిచేదా మడవనిదా అని చూసి చూసి, తీరా కొని తెచ్చేసరికి ఎండలు ముదిరాయి. "ఎండకీ పనికొస్తుందిగా" అన్నాడు తొణక్కుండా. కత్తెర పట్టుకుంటే మాత్రం ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగదు. అదేమని అడిగితే, "అది ఇంకొకళ్ల బట్ట. ఆలోచిస్తూ కూర్చుంటే వాళ్లేం కట్టుకుంటారు?" అంటాడు.

అతని అక్కగారి భర్త సినిమా హాల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాడు. హాలు మూసేశారు. ఆపరేటర్ ఇంటికొచ్చి కిటికీ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నెలలు గడిచినా అందులోంచి లేచింది తిండికీ నిద్రకీ మాత్రమే. గడ్డం పెరిగింది. భార్య టీవీ పెడితే, "అదీ ఒక వెలుగేనా" అని మొహం తిప్పుకునేవాడు. ఆ ఒక్క మాటైనా అన్నాడని ఆవిడ సంతోషించేది.

ఒక ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి తక్కెడ మెడలో టేపుతో సహా దిగాడు.

"బావా, టీవీకి తగిలించి సినిమాలు చూసుకోవడానికి కంప్యూటరు కొందామనుకుంటున్నా. కంపెనీవాళ్లు బిగించి అమ్మే చిన్నపెట్టె ఒకటుందిట, పుస్తకమంత. లేకపోతే విడిభాగాలు ఏరుకుని పెద్దది బిగించుకోవచ్చుట. ఏది తీసుకోమంటారు?"

"నాకేం తెలుసు? రీళ్లు తిప్పినవాణ్ణి."

"వచ్చి ఒక్కసారి విని చెప్పండి చాలు."

"వినడమేంటి?"

"పెద్దదాని ఫ్యాను చప్పుడు చేస్తుందిట. ఎంత చప్పుడైతే సినిమాకి అడ్డమో నాకెలా తెలుస్తుంది?"

ఆ సంగతి ఆపరేటర్‌కి బాగా తెలుసు. తెలిసిన దాన్ని ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. గొణుక్కుంటూనే లేచి చొక్కా వేసుకున్నాడు.

కంప్యూటర్ల కొట్లోకి వెళ్లగానే తక్కెడ చిన్నపెట్టెకి టేపు చుట్టాడు. "నడుము ఇరవై రెండు. మరీ బిగుతుగా ఉందండీ. లోపల ఊపిరాడుతుందా?"

"ఆడుతుందండి" అన్నాడు కొట్టాయన. "చప్పుడుండదు, చోటు తినదు. కాకపోతే తరవాత లోపల ఏమీ పెంచుకోలేరు. ఈ పెద్దదైతే ఏ భాగం పాడైతే అది మార్చుకోవచ్చు."

"అంటే దీనికి లోపల కుట్టు వదిలారు బావా. ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చు."

ఆపరేటర్ వీళ్ల మాటలు వినడం లేదు. పెద్ద పెట్టెకి చెవి దగ్గర పెట్టి కళ్లు మూసుకున్నాడు. కొంచెంసేపటికి తల అడ్డంగా ఊపాడు. "పాటలో ఇది వినపడదు. కానీ తెర మీద మనిషి ఏడ్చి ఊరుకున్నాక హాలంతా గప్‌చుప్‌గా ఉంటుంది చూడు, అప్పుడు వినపడుతుంది. చిన్నదే తీసుకో."

కొట్టాయన ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు.

"సరే బావా" అన్నాడు తక్కెడ. "కానీ రెండోవైపు కూడా చూడాలిగా. వచ్చే ఆదివారం మళ్లీ వద్దాం."

వచ్చే ఆదివారం వేడి గురించి అనుమానం. ఆ పై ఆదివారం తెర మీద నలుపు నల్లగా వస్తుందా, బూడిదగా వస్తుందా అని. ఐదో వారం రిమోటు బొటనవేలికి అందుతుందా అని. తొమ్మిదో వారం, టీవీ వెనకాల దాచేస్తే చిన్నపెట్టె చిన్నబుచ్చుకుంటుందేమో అని కూడా అడిగాడు.

"నీ తమ్ముడు నా ప్రాణం తోడేస్తున్నాడు" అని ఆపరేటర్ భార్య దగ్గర విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ప్రతి ఆదివారం ఎనిమిదింటికల్లా అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకునేవాడు. కొట్లో ఇప్పుడు వేరేవాళ్లు కూడా ఆయన చుట్టూ చేరుతున్నారు. తెర ఎంత ఎత్తులో పెట్టాలండీ, స్పీకర్లు గోడకా నేలకా అని అడుగుతున్నారు. "మా కుర్రాళ్లకి పెట్టె బిగించడం వచ్చుగానీ, మనిషిని ఎక్కడ కూచోబెట్టాలో తెలీదు. ఇళ్లకెళ్లి అమర్చిపెడతారా?" అని కొట్టాయన రెండుసార్లు అడిగాడు. "చూద్దాం" అన్నాడు ఆపరేటర్, అచ్చం బావమరిదిలాగే.

పద్నాలుగో ఆదివారం కూడా అయ్యాక, బుధవారంనాడు ఆపరేటర్ ప్యాంటు పట్టీ వదులు చేయించుకుందామని తక్కెడ ఇంటికి వెళ్లాడు. తక్కెడ లేడు. అతని భార్య కాళ్లు చాపుకుని సినిమా చూస్తోంది. టీవీ కింద చిన్నపెట్టె.

"ఇదెప్పుడు కొన్నారు చెల్లెమ్మా?"

ఆవిడ గబుక్కున లేచి పెట్టె మీద తువ్వాలు కప్పింది. సినిమా మాత్రం నడుస్తూనే ఉంది. ఇక దాచి లాభం లేదని తువ్వాలు తీసేసింది.

"మొదటి ఆదివారమే అన్నయ్యా. మీరు ఇల్లు చేరగానే వెనక్కెళ్లి తెచ్చారు. బావ విని చెప్పాక ఇంకా చూసేదేముంది అన్నారు."

"మరి ఈ పదమూడు వారాలూ?"

"ఆ రోజు ఇంటికి రాగానే మీరు గడ్డం గీసుకున్నారని వదిన ఫోను చేసి చెప్పింది. రెండు ముద్దలు ఎక్కువ తిన్నారట. పెట్టె తేలిపోయిందంటే మళ్లీ కుర్చీలో కూచుంటారని…" ఆవిడ తల దించుకుంది. "రాత్రిళ్లు కూచుని అనుమానాలు రాస్తారన్నయ్యా. ఈమధ్య అవీ దొరక్క నన్నడుగుతున్నారు. చిన్నపెట్టె చిన్నబుచ్చుకోవడం నేను చెప్పిందే."

ఆపరేటర్‌కి ముందు సిగ్గేసింది, తరవాత కాస్త కోపమొచ్చింది. వంగి పెట్టెకి చెవి ఆనించాడు. ఏ చప్పుడూ లేదు.

"మంచిదే కొన్నాడు" అన్నాడు.

ప్యాంటు సంగతి మర్చిపోయి, నేరుగా కంప్యూటర్ల కొట్టుకి నడిచాడు. సోమవారం నుంచి వస్తానని చెప్పాడు.

ఆదివారం తొమ్మిదింటికి తక్కెడ జేబులో కాగితంతో వచ్చాడు. ఆపరేటర్ పనిలో చేరే సంగతి చెప్పాడు.

"రేపటినుంచేనా? రెండువైపులా చూసుకోవాలి కదా బావా."

"చూశాను. మీ ఇంట్లో కూడా చూశాను. బుధవారం."

తక్కెడ గోడవైపు చూశాడు. తరవాత చెప్పులవైపు చూశాడు. "మా ఆవిడకి తువ్వాలు దగ్గరపెట్టుకోమని చెప్పానే."

"పెట్టుకుంది పాపం. కప్పింది కూడా."

"అయితే ఇంక ఆదివారాలు పనిలేదన్నమాట" అంటూ తక్కెడ కాగితాన్ని చిన్నగా మడిచాడు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడని ఆపరేటర్ అప్పుడే చూశాడు. ఆ తిరుగుళ్లు కావలసింది తనొక్కడికే కాదు.

"నీకు చిన్నది సరిపోయిందయ్యా. మరి మా గది పెద్దది, మీ అక్కకి చెవి కొంచెం మందం. మాకేది సరిపోతుందో ఎక్కడ తేలింది?" అంటూ ఆపరేటర్ చెప్పులు వేసుకున్నాడు. "ఆ కాగితం తియ్యి. ఇవాళ ఎన్ని రాసుకొచ్చావు?"

"పదకొండు."

"చాలవు. దారిలో ఇంకో నాలుగు ఆలోచించు."