అత్త విప్పిన వల

మా అత్త కత్తెర పట్టుకోవడం మొన్నమొన్నటిదాకా నేను చూడలేదు. మా ఊరు అత్తిమంజేరిపేటలో మగ్గం మీద పోగులు చిక్కుపడినా, పిల్లల జడలో రిబ్బను ముడిపడినా, "తెంపాకు, నేను తీస్తా" అనేది. వేళ్లు తడుపుకొని, ముడి విడిపోయేదాకా కూర్చునేది. మా నేత ఇళ్లలో దారం తెంపడమంటే చేతకానితనం.

ఒక ఆదివారం ఆమెను పులికాట్ తీసుకెళ్లాను. పొద్దున్నంతా ఆ ఉప్పునీటి సరస్సులో పడవ మీద తిరుగుతూ పక్షులను చూశాం. మధ్యాహ్నం మడచెట్ల మధ్య కాలువలోకి మళ్లగానే ఒక కొంగ కనిపించింది. ఎవరో పారేసిన నైలాన్ వల దాని మెడకూ రెక్కలకూ చుట్టుకుంది.

పడవ నడిపే ఆయన దాన్ని పైకి తీసి, కత్తి అందుకున్నాడు.

"గొంతు కాడ బిగిసిపోయుండాది, కోసేస్తానమ్మా."

"తెంపాకు నాయనా. నేను తీస్తా."

అత్తను కాదనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆమె కొంగను ఒళ్లో పెట్టుకుని ఒక్కో ముడీ విప్పుతూ పోయింది. దాని కాళ్లు కొట్టుకోవడం తగ్గుతూ వచ్చింది. మెడ దగ్గరి చివరి ముడి వదిలేసరికి తల ఆమె మోచేతి మీదికి వాలిపోయింది.

అత్త చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత వలను చేతికి చుట్టుకుంటూ, "ఒక్క చోట గూడా తెగలేదు" అంది.

ఇప్పుడు ఆమె మగ్గం పక్కన కత్తెర ఉంటుంది. పోగు కాస్త మెలిపడినా కోసేస్తుంది. కోసేటప్పుడు కళ్లు మూసుకుంటుంది.