సారమ్మ ప్రార్థనలో నవ్వెందుకు?

గీత చైతన్యపురికి కాపురానికి వచ్చిన కొత్తలో ట్రాఫిక్, మెట్రో రైలు, హాస్టల్ పిల్లల గోల అన్నీ తొందరగానే అలవాటైపోయాయి గాని, ఒక్క సంగతి మాత్రం ఎంతకీ అంతుబట్టలేదు. పక్క పోర్షన్‌లో ఉండే సారమ్మ తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసుకునేది. చేసుకుంటూ చేసుకుంటూ నవ్వేది.

కింద అంతస్తులన్నీ ఆడపిల్లల హాస్టల్. పైన డాబా మీద రెండు చిన్న పోర్షన్లు, మధ్యలో ఒకటే గోడ. గీత భర్త సాయినాథ్ క్యాబ్ నడుపుతాడు. పొద్దున్నే బండి తీయాలి కాబట్టి గీత ఆ వేళకే లేచి చపాతీ పిండి కలుపుతూ ఉండేది. గోడవతల నుంచి ముందు సన్నగా ఒక పాట వినిపించేది, తర్వాత గొణుగుడు. ఆ తర్వాత ఉన్నట్టుండి కిసుక్కున నవ్వు.

నకిరేకల్ దగ్గరి పల్లెలో పెరిగిన గీతకు దేవుణ్ణి వేడుకోవడం తెలియనిదేమీ కాదు. తల్లి పెంటమ్మ ఎల్లమ్మకు మొక్కేటప్పుడు ముఖం ఎంత బిగబట్టి ఉంచేదో చూసింది. ఊళ్ళో చర్చి మైకులో వచ్చే ప్రార్థనల్లో ఏడుపు కూడా విన్నది. నవ్వు మాత్రం ఎక్కడా వినలేదు. దేవుడి ముందు నవ్వొచ్చే మాట ఏముంటుంది?

ఒకనాడు ఆగలేక గోడకు చెవి ఆనించింది.

"గా చెవులు జూసినవా తండ్రీ! అచ్చం తాతవే. గా ముసలాయన మురిసిపోయి దవాఖానంత తిరిగిండు గదా..."

గీత పిండి చేతులతోనే సాయినాథ్ దగ్గరికి వెళ్ళింది. "పక్కింటి పెద్దమ్మ దేవునికి ఎవరి మీదనో చాడీలు చెప్తున్నది."

"నువ్వు గోడకు చెవి పెట్టుడు బంద్ జెయ్యి. లేకపోతే రేపు నీ మీద గూడ చెప్తది" అన్నాడతను బూట్లు వేసుకుంటూ.

గీత మానలేదు. బట్టలు ఆరేసే వేళ చూసి నేరుగానే అడిగేసింది. సారమ్మ చేతిలోని తడి చీరను ఒక్కసారి దులిపి తీగ మీద వేసి, సిగ్గుపడింది.

"అయ్యో, ఇనవడ్తదా బిడ్డా? నీకు నిద్ర పాడైతున్నదా?"

"నిద్ర ఏం లేదు పెద్దమ్మా. ఏం చెప్తవో తెలుసుకుందామని."

"ఏం చెప్త! నా పని ముచ్చట్లే."

సారమ్మ ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక ఉన్న ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఆయా. తల నెరిసింది, మనిషి సన్నగా ఉంటుంది గాని ఒళ్ళంతా ఉక్కు. కూతురు పుష్పలతకు పెళ్ళి చేసి నాగోల్ పంపాక ఒక్కతే ఉంటోంది. అప్పుడే పుట్టిన పిల్లలను తుడిచి, గుడ్డలో చుట్టి, బయట కాచుకున్న వాళ్ళ చేతుల్లో పెట్టడం ఆమె పని. పొద్దున కొంగు తల మీద కప్పుకొని కూర్చుని, ముందటి రోజు చూసిన పిల్లల సంగతులన్నీ దేవుడికి చెప్పుకుంటుంది. ఒకడి చెవులు, ఒకదాని జుట్టు, పుట్టగానే ఆయా చీర తడిపిన ఇంకొకడి ఘనకార్యం.

"గవన్నీ దేవునికి తెల్వవా మరి?" అంది గీత.

"తెల్వక ఏంది? చేసింది ఆయనే గదా."

"మరెందుకు చెప్పుడు? ఆయనకు పొగడ్తలు కావాల్నా?"

సారమ్మ చీరకు ఇంకో క్లిప్పు పెట్టింది. "ఆయనకు కావాల్నో లేదో నాకైతే తెల్వదు బిడ్డా. నాకు కావాలె. మంచిది చూసి చెప్పకపోతే నాకే కడుపుబ్బుతది."

ఆ జవాబు గీతకు నచ్చింది. నచ్చింది గాని సందేహం తీరలేదు. ఆ ఆదివారం సాయినాథ్ డ్యూటీకి పోగానే, "నేను గూడ వస్తా, ఊరికే చూస్తా" అంటూ సారమ్మ వెంట చర్చికి బయలుదేరింది.

కొత్తపేట సందులో హార్డ్‌వేర్ షాపు పైన హాలు. ముందు చాపలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, మూలన కీబోర్డు, డోలక్. మొదట పాటలు పాడారు. చప్పట్లు కొడుతూ, కళ్ళు మూసుకొని, చేతులెత్తి పాడారు. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి, ఒకరు కొడుకు ఉద్యోగం గురించి, ఒకరు తల్లి ఆపరేషన్ గురించి ప్రార్థించమన్నారు. ముందు పొగడ్త, తర్వాత కోరిక అన్నమాట అనుకుంది గీత. లీడర్ల దగ్గర పనులు చేయించుకోవాలన్నా వరస ఇదే కదా అని కూడా అనుకుంది.

సాక్ష్యాల సమయంలో సారమ్మ లేచి, తాత చెవులు పుణికిపుచ్చుకున్న పిల్లవాడి సంగతి చెప్పి, "దేవునికి స్తోత్రం" అని కూర్చుంది. కొందరు నవ్వారు. కూడిక అయ్యాక వెంకాయమ్మ అనే పెద్దావిడ, కోస్తా వైపు మనిషి, మెట్ల దగ్గర సారమ్మను ఆపింది.

"సాక్ష్యమంటే ఏదో ఒక మేలు జరిగుండాలి కదమ్మా. చెవులు చూసి సాక్ష్యమేంటండీ?"

వెనకే వస్తున్న పాస్టర్ ఆనంద్ కుమార్ విని, "చేసినవాడి పని చూసి ఆశ్చర్యపోవడం కూడా స్తుతేనండీ వెంకాయమ్మగారూ. మనమే మర్చిపోయాం" అన్నాడు. వెంకాయమ్మకు ఆ మాట అంతగా రుచించినట్టు లేదు.

తిరిగి వస్తుంటే గీత అడిగింది. "నువ్వు ఎన్నడు ఏం అడుగవా పెద్దమ్మా? ముచ్చట్లేనా?"

ఇంటికొచ్చి, నీళ్ళు తాగి, డాబా నీడలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ సారమ్మ చెప్పింది.

ఆమె భర్త తీతు మేస్త్రీ పని చేసేవాడు. చిట్యాల వైపు నుంచి పని కోసం వచ్చి ఎల్బీ నగర్‌లో ఎన్నో ఇళ్ళు కట్టాడు. కామెర్లు ముదిరి మంచాన పడ్డాడు. సారమ్మ ఉపవాసాలుండి అడిగింది. సంఘమంతా కూడి అడిగింది. చిన్నపిల్ల పుష్పలత చేత కూడా అడిగించింది. అయినా తీతు పోయాడు.

"గప్పటిసంది మాట్లాడలే" అంది సారమ్మ.

"ఎవరితోని?"

"ఆయనతోని." తల పైకెత్తి చూపించింది. "చర్చికి పోయేదాన్ని, పోకపోతే నలుగురు అడుగుతరని. పెదవులు ఆడించేదాన్ని అంతే. లోపల ఏం లేకుండె. కృతజ్ఞత చెప్పు సారమ్మా, మనసు తేలికైతదని అనేటోళ్ళు. దేనికి చెప్పాలె?"

అట్లా ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఆయా పనిలో చేరింది. ఒక మధ్యాహ్నం పుట్టిన ఆడపిల్లను తుడుస్తుంటే, ఆ పిల్ల నోరంతా తెరిచి పెద్ద ఆవులింత తీసింది. పొద్దంతా పొలం దున్ని ఇంటికొచ్చిన మనిషి తీసినట్టు తీసింది.

"నాకు నవ్వాగలే బిడ్డా. అరె, ఎట్ల జేసినవయ్యా దీన్ని అన్న. అన్నాక తెలిసింది, ఎవరితోని అంటున్ననో. గన్ని దినాలసంది మాట్లాడని మనిషితోని మాట్లాడేసిన. ఇగ మల్ల ఊకోబుద్ధి కాలే."

గీత చేతిలోని చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. పనులు చేయించుకునే వరస అనుకున్నందుకు లోలోపల నొచ్చుకుంది.

మరుసటి ఏడు గీత గర్భవతి అయింది. చూపించుకోవడానికి సారమ్మ పనిచేసే ఆస్పత్రికే వెళ్ళేది. నెలలు నిండాక ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం దాటినా కాన్పు కాలేదు. డాక్టర్ కృష్ణకుమారి ముఖంలో నవ్వు మాయమవడం గీత గమనించింది. సారమ్మ గీత చేయి పట్టుకొని తలవైపు నిలబడింది.

బిడ్డ పుట్టింది. గదిలో చప్పుడు లేదు. బొడ్డుపేగు మెడకు చుట్టుకొని ఒళ్ళు నీలంగా ఉంది. డాక్టరూ నర్సూ ఆ పసిదాని మీదికి వంగి గబగబా ఏదో చేస్తున్నారు. గీతకు వాళ్ళ వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. చెవి పక్కన మాత్రం సారమ్మ గొంతు వినిపించింది. డాబా మీద ఎప్పుడూ వినని గొంతు అది.

"ఇయ్యి. ఇయ్యి తండ్రీ. తీతును అడిగితే ఇయ్యలే. గీ పిల్లనన్న ఇయ్యి."

అది బతిమాలడంలా లేదు. రావలసినదాన్ని గట్టిగా అడుగుతున్నట్టుంది. సారమ్మ గోళ్ళు గీత అరచేతిలో దిగబడ్డాయి. చాలాసేపటికి పిల్లికూన అరిచినట్టు సన్నగా ఒక ఏడుపు వినిపించింది.

అంతటితో గండం గడవలేదు. ఊపిరి సరిగా అందడం లేదని పిల్లను అద్దాల పెట్టెలో పెట్టారు. గీత ఆ గది ముందు బెంచీ మీద కూర్చుని, పెట్టె పక్కనున్న మిషన్ మీద మారే అంకెలనే చూస్తూ ఉండేది. పెరిగితే ఊపిరి పీల్చుకునేది, తగ్గితే బిగుసుకుపోయేది. పెంటమ్మ ఊరి నుంచి వచ్చి ఎల్లమ్మకు మొక్కుకుంది. సాయినాథ్ బండి తీయడం మానేసి కారిడార్‌లో తిరుగుతున్నాడు.

పని మధ్యలో సారమ్మ వచ్చి పోతుండేది.

"ప్రార్థన చేస్తున్నవా పెద్దమ్మా?" అని అడిగేది గీత.

"అడుగుతున్న బిడ్డా. అడుగుడు ఆపలే."

ఒకరోజు సారమ్మ అద్దంలోంచి లోపలికి చూసి, చాలాసేపు అక్కడే నిలబడి, "గోర్లు గూడ పెట్టినవా తండ్రీ! గంత సన్నటి కాలివేళ్ళకు, గంత సన్నటి గోర్లు! ఎంత ఓపికయ్యా నీకు!" అంది.

గీతకు ఒళ్ళు మండింది. "ఇంకా ఏం తేలలే పెద్దమ్మా. డాక్టరమ్మ ఏం చెప్తలేదు. ఇప్పుడే ఎందుకు పొగుడుతున్నవ్?"

"తేలలే" అని ఒప్పుకుంది సారమ్మ. "నాకు గూడ భయమైతున్నది. కానీ గోర్లైతే ఉన్నయ్ గదా బిడ్డా. ఉన్నదాన్ని లేదనాల్నా?"

సారమ్మ పనికి వెళ్ళిపోయాక గీత లేచి అద్దం దగ్గరికి వెళ్ళింది. ఇన్ని రోజులూ తాను అంకెలను తప్ప పిల్లను చూడలేదని అప్పుడు తెలిసింది. కాలివేళ్ళు చూసింది. గోళ్ళు నిజంగానే ఉన్నాయి, బియ్యపు నూకల్లా. నుదుటి మీద సాయినాథ్ నుదుటి మీద ఉన్నట్టే వెంట్రుకల సుడి ఉంది. నిద్రలో పెదవులు పాలు తాగుతున్నట్టు కదులుతున్నాయి. ఎవరితో చెప్పాలో తెలియక సాయినాథ్‌ను పిలిచి చూపించింది. ఇద్దరూ అద్దానికి ముఖాలు ఆనించి నిలబడ్డారు.

తర్వాత పిల్ల కొంచెం కొంచెంగా కోలుకుంది. మిషన్ తీసేశారు, పాలు తాగడం మొదలుపెట్టింది. ఇంటికి తెచ్చాక ఒక సాయంత్రం, పిల్లకు నూనె రాస్తున్న సారమ్మను గీత అడిగింది. చాలా రోజులుగా నాలుక చివర ఆగిపోయిన మాట అది.

"ఆ రోజు ఇయ్యకపోతే?"

సారమ్మ చేతులు ఆగాయి. "మల్ల మాట్లాడకపోయేదాన్నేమో. లేకపోతే ఏడ్చుకుంటనన్న మాట్లాడేదాన్నేమో. నిజంగ తెల్వదు బిడ్డా. తెల్సని చెప్తే అబద్ధమైతది."

తెలియదన్న ఆ మాటే గీతకు ధైర్యంగా తోచింది.

పిల్లకు అమల అని పేరు పెట్టిన రోజున డాబా మీద షామియానా వేశారు. పెంటమ్మ ఊళ్ళో ఎల్లమ్మ మొక్కు తీర్చుకొని నేరుగా అక్కడికే వచ్చింది. భోజనాలయ్యాక గీత అందరి ముందూ సారమ్మను ప్రార్థన చెయ్యమంది. సాయినాథ్ వేడుకకు వచ్చిన తన తల్లి వైపు చూశాడు, ఆవిడ పెంటమ్మ వైపు చూసింది. పెంటమ్మ మాత్రం పిల్లను ఒళ్ళో పెట్టుకొని, కళ్ళు మూసుకోకుండా, ఈమె ఏం చెప్తుందో విందామని చెవులు రిక్కించి కూర్చుంది.

సారమ్మ కొంగు కప్పుకొని మొదలుపెట్టింది. పిల్ల ఊపిరి గురించి చెప్పింది, డాక్టరమ్మ చేతుల గురించి చెప్పింది, నూకల్లాంటి గోళ్ళ గురించి, నుదుటి సుడి గురించి చెప్పింది. ఇక ముగించబోతుంటే పెంటమ్మ ఆగలేక ఆమె మోచేతిని తట్టింది.

"వదినా, కుడికాలు మడమ మీద పుట్టుమచ్చ ఉన్నది. గది మర్చిపోయినవ్. గది గూడ చెప్పు."