జానెడు లేచే చెయ్యి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర లారీ నంబర్లు రాసుకునే సైదులు రెండేళ్ల కిందటిదాకా అదే మిల్లులో పేరు మోసిన హమాలీ. ఊరు సూర్యాపేట పక్కన ఆత్మకూర్. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాడు, నడవలేని గొర్రెపిల్లలను మెడ మీద వేసుకుని పెరిగాడు. అతను బస్తా ఎత్తితే పక్కవాళ్లు పని ఆపి చూసేవాళ్లు. ఇప్పుడు ఎడమ చేత్తో వంకర అంకెలు రాస్తున్నాడు. గేటు కాడ అతను కూర్చున్నది ఆ అంకెల కోసం కాదు. హమాలీల ముఠా మేస్త్రీ ముత్యాలు రోజూ కళ్ల ముందు ఉండాలని, ఏదో ఒక రోజు వాడి చెయ్యి కూడా తన చెయ్యిలా కావాలని.

రెండేళ్ల కిందట ఒక రోజు లారీ మీది నుంచి బస్తా అందుకుంటూ సైదులు కాలు జారి పడ్డాడు. కుడి చెయ్యి వెనక్కి మెలిపడి భుజం గూడ జారింది. దీనికి హమాలీ ముఠాల్లో ఒక వైద్యం ఉంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మేస్త్రీ అతని చంకలో మడమ ఆనించి, మణికట్టు పట్టి గుంజుతాడు. దవాఖానకు పోతానన్నవాణ్ణి ఏడాది పొడవునా ఆట పట్టిస్తారు. ముత్యాలు ఒకసారి గుంజాడు, రాలేదు. రెండోసారి మడమ ఇంకా లోపలికి తొక్కి, చెయ్యి మెలితిప్పి గుంజాడు. టక్కుమంది. ముఠా అంతా మేస్త్రీని మెచ్చుకుంది. సైదులుకు మాత్రం కళ్లు బైర్లు కమ్మాయి.

ఎముక మళ్లీ తన చోట కూర్చుంది గానీ చెయ్యి లేవలేదు. పక్కనుంచి జానెడు లేచేది, అక్కడ ఆగిపోయేది. కోదాడ పోయి మూడు వారాలు పసరు కట్టు కట్టించుకున్నా అంతే.

"జానెడు లేపినోడు మూరెడు లేపలేడా? నాటకాలు," అన్నాడు ముత్యాలు అందరి ముందు. "బొక్క నేనే కూసోబెట్టిన. ఇగ ఆయనకు పని జేసుడు ఇష్టం లేదు."

చెయ్యి పోయిన దానికన్నా ఆ మాట ఎక్కువ కాల్చింది. ఎందుకంటే అందరూ నమ్మారు. భార్య ఎల్లమ్మ పైకి అనలేదు గానీ, ఆమె చూపులో కూడా ఆ అనుమానం కనిపించింది. ఒక సాయంత్రం బీడీ నిప్పు అతని భుజం మీద పడి అంగీ కాలింది, కింద తోలు కాలింది. సైదులు బీడీ తాగుతూనే ఉన్నాడు.

"మంట తెలుస్తలేదా నీకు?" అంది ఎల్లమ్మ, నీళ్లు చల్లి. అప్పుడు ఆమె ఏడ్చింది. మర్నాడే సూర్యాపేట తీసుకుపోయింది.

అక్కడి దవాఖానలో కసరత్తులు చేయించే కల్పన ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం ముందు అతణ్ణి కూర్చోబెట్టింది.

"భుజంల బంతి పెద్దది, అది కూసునే గిన్నెకు లోతు లేదు. గందుకే చెయ్యి అన్ని దిక్కులు తిరుగుతది, గందుకే జారుతది. చుట్టూ నాలుగు కండరాలు బంతిని గిన్నెలకు పట్టి ఉంచుతయి. పైన టోపీ లెక్క ఉన్న పెద్ద కండ చెయ్యిని పైకి లేపుతది. దాని నరం మెడల బయల్దేరి, చంకలకెల్లి పోయి, బొక్కను ఎనకనుంచి చుట్టుకుంటది. నీకు దెబ్బ తగిలింది గాడనే."

"మరి జానెడు ఎట్ల లేస్తాంది మేడం?"

"సురువు చేసే కండ వేరే అన్నా. దాని నరం భుజం మీదికెల్లి పోతది, అది మంచిగుంది. తర్వాత లేపే కండకే కరెంటు బందయింది. భుజం బయటి దిక్కు అరచెయ్యంత తోలుకు స్పర్శ ఇచ్చేది కూడా ఆ నరమే."

జారినప్పుడే నరం కొంత సాగి ఉండొచ్చని, మడమతో తొక్కి మెలితిప్పడం మిగతాది చేసిందని కూడా చెప్పింది. సైదులు మొదటి సగం చెవిన వేసుకోలేదు. తనది నాటకం కాదని ఒక నరం సాక్ష్యం చెబుతోంది, అది చాలు. ఆ రోజు నుంచి పాఠం అప్పజెప్పే బడిపిల్లవాడిలా అడిగిందే అడిగాడు. కల్పన మురిసిపోయింది. పాపం, తానొక మనిషి చేతికి కత్తి ఇస్తున్నానని ఆమెకేం తెలుసు.

మొన్నటి వానాకాలంలో లారీ మీద తాడు బిగిస్తూ ముత్యాలు కింద పడ్డాడు. గూడ జారింది. ముఠా మూగింది. నొప్పికి తాళలేక మేస్త్రీయే కేక పెట్టాడు, "మడమ వెట్టి గుంజుండ్రి ఎవలన్న."

సైదులు చెప్పు విడిచి, అందరినీ తోసుకుని వెళ్లి పక్కన కూర్చున్నాడు. మడమ సరిగ్గా చంకలో ఆనించాడు. గట్టిగా తొక్కితే ఏం పోతుందో అతనికి బాగా తెలుసు. ఎడమ చేత్తో ముత్యాలు మణికట్టు పట్టాడు. అప్పుడు చూశాడు ముత్యాలు, పట్టింది ఎవరో.

సైదులు మణికట్టు వదిలి, వాడి భుజం బయట గోటితో గీశాడు. "తెలుస్తాందా?"

"తెలుస్తాంది."

"నాకు రెండేండ్ల సంది తెలుస్తలేదు. అందరు వినేటట్టు చెప్పు మేస్త్రీ. నాది నాటకమా?"

"కాదు."

"మరేంది?"

మడమ కొంచెం బిగిసింది. "నేను తొక్కిన," అన్నాడు ముత్యాలు. "నా మడమతోనే పోయింది వాని చెయ్యి." ముప్పై మంది విన్నారు.

సైదులు కాలు తీశాడు. తన తువ్వాలతోనే ఆ చెయ్యిని మెడకు కట్టించి, గుంజకుండా దవాఖానకు తీసుకుపొమ్మని ఆటో ఎక్కించాడు. మిల్లంతా దాన్ని దయ అంది. దయ లేదు, పాడూ లేదు. ముందు ఆ మాట కావాలి, ఆ తర్వాత తొక్కాలి అనుకున్నాడు. మాట వచ్చేసరికి తొక్కడానికి కాలు రాలేదు. అది తలుచుకుని ఇప్పటికీ పళ్లు కొరుకుతాడు.

రెండు నెలలకు ముత్యాలు చెయ్యి నిండుగా లేచింది. మిల్లుకు ఉన్నది ఒకటే గేటు. పొద్దున్నే అతను వస్తాడు, కుడి చెయ్యి నుదుటిదాకా ఎత్తి సలాం చేస్తాడు. సైదులు కలం కింద పెట్టి, తన కుడి చెయ్యి జానెడు లేపి, అక్కడే ఆపి చూపిస్తాడు.

"ఇంతే మేస్త్రీ," అంటాడు.

ముత్యాలు తల దించుకుని లోపలికి పోతాడు. రేపు కూడా ఆ గేటు నుంచే రావాలి.