గోలు పడేదాకా ఆడించిన మనిషి

మొన్న ఆదివారం పొద్దున్నే మా తమ్ముడు గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "రిఫరీగారు పోయారన్నయ్యా" అన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "మధ్యాహ్నం నమాజయ్యాక తీసుకెళ్తారు. వస్తే రా, లేకపోతే లేదు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మా ఇద్దర్నీ ఎరిగినవాళ్ళు ఈ నాలుగు ముక్కలు నేను రాయడమేమిటని ఆశ్చర్యపోతారు. ఆయన నాకు స్నేహితుడు కాడు. ఒకే ఊళ్ళో ఉండి, ఒకే ఆటని పట్టుకు వేళ్ళాడుతూ, ఏళ్ళ తరబడి ఎడమొహం పెడమొహంగా బతికాం. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ మాట ఆయన దగ్గర అంటే, "బతికున్నప్పుడు తిట్టినోడు సచ్చాక పొగడ్డమేటి, సిగ్గునేదూ?" అని ఉండేవాడు. అందుకని ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఆయనకి రేకు పెట్టెల కొట్టు ఉండేది. పెళ్ళికూతుళ్ళకీ, హాస్టలు పిల్లలకీ, పడవల మీద పోయేవాళ్ళకీ పెట్టెలు చేసేవాడు. పొద్దంతా సుత్తి మోతలో ఉండడం వల్లనేమో, మామూలు మాట కూడా దెబ్బలాటలాగే మాట్లాడేవాడు. సాయంత్రం నల్ల చొక్కా తొడుక్కుని గ్రౌండులోకి దిగితే మాత్రం ఒక్క మాట ఉండేది కాదు, విజిలే. మ్యాచ్ ముందు బంతిని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి వినేవాడు. కెప్టెన్లు చెయ్యి చాపితే కలిపేవాడు కాదు. "ఆటయ్యాక కలుపుతాను. అప్పటికి నీకు ఇష్టవుంటే" అనేవాడు. ఆటయ్యాక చాలామందికి ఇష్టం ఉండేది కాదు.

మేం గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినవాళ్ళం. నాకు గుమస్తా పని. నాన్న లేడు కాబట్టి తమ్ముణ్ణి నేనే పెంచాను. వాడికి చదువు అబ్బలేదు గాని ఎడంకాలు అద్భుతం. ఓడల్లోంచి సరుకు దించే ఒక కంపెనీ వాణ్ణి బంతాట కోసమే టెంపరరీగా తీసుకుంది. ఆ రోజుల్లో కంపెనీల టీముల్లో జీతం తీసుకుని ఆడేవాళ్ళు ఒక పాతికమంది ఉండేవారు. వాళ్ళకి బంతి అంటే అన్నం. అందుకే రూళ్ళ గురించి అంత గొడవ.

మా టోర్నమెంటులో రూలు ఇది. ఫైనల్ డ్రా అయితే అరగంట అదనపు ఆట. అప్పటికీ తేలకపోతే ఎవరో ఒకరు గోలు కొట్టేదాకా ఆడుతూనే ఉండాలి. ఆ రూలు పెట్టించింది ఆయనే.

ఒక మే నెలలో మా తమ్ముడి కంపెనీ టీము, పాత ఊరి టీము ఫైనల్‌కి వచ్చాయి. ఎండ తగ్గినా నేల సెగ తగ్గలేదు. సముద్రం అంత దగ్గరున్నా ఆకు కదల్లేదు. అరగంట అదనపు ఆట అయిపోయింది. ఇంకా ఆడుతున్నారు. కుర్రాళ్ళు పరిగెట్టడం మానేసి నడుస్తున్నారు. మా తమ్ముడు అప్పుడే జ్వరం నుంచి లేచాడు. గీత దగ్గరకొచ్చి కక్కుకున్నాడు. ఆయన వచ్చి, "ఆడతావా, పోతావా?" అని అడిగాడు. వాడు ఆడతానన్నాడు. కాసేపటికి మా గోలు ముందు నిలువునా కూలిపోయాడు. నేను గీత అవతల నుంచి "ఆపండి, ఆపండి" అని అరుస్తూనే ఉన్నాను. విజిల్ పడలేదు. వాడు పడి ఉండగానే వాడి పక్కనుంచి బంతి తీసుకెళ్ళి గోలు కొట్టారు. ఆయన చెయ్యి పైకెత్తి గోలిచ్చాడు.

పెద్దాసుపత్రిలో వాడికి సెలైన్ ఎక్కిస్తుంటే ఆయన వచ్చాడు, ఆ నల్ల చొక్కాతోనే.

"నా ఈపు అటేపుంది. గుంటడు పడ్డం నాను సూళ్ళేదు" అన్నాడు.

"మీరు మనుషుల్ని చంపుతున్నారండి" అన్నాను.

"సూసుంటే ఆపుదును. సూళ్ళేదు. గోలు గోలే" అనేసి వెళ్ళిపోయాడు. క్షమించమని ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి మా అమ్మ ఆయన్ని పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయలేను.

ఆ వానాకాలంలో టోర్నమెంటు కమిటీ మీటింగు జరిగింది. టీముకి ఒక ఓటు, రిఫరీకి ఒకటి. టీము రాతకోతలు నేనే చూసేవాణ్ణి కాబట్టి మా టీము తరఫున నేను వెళ్ళాను. అదనపు ఆట అరగంటే ఉండాలని, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు కొట్టించాలని ప్రతిపాదించాను. ప్రపంచంలో అందరూ ఆ దారికే వస్తున్నారని చెప్పాను.

ఆయన లేచాడు. "ఏటి బావా, ఆడి గెలవాల గాని నిలబెట్టి కొట్టి గెలవడవేటి? అది బంతాటా, తీర్థంలో బెలూన్లు కాల్డవా?"

"మీ ఆట ఆడితే పిల్లలు చస్తున్నారండి."

"ఎండలు తగ్గాక పెట్టండి టోర్నమెంటు. మే నెల్లో పెట్టమని నాను సెప్పానా? రోగం ఎండదైతే మందు ఆటకేత్తావా?"

"మీకు మీ రూలు ముఖ్యం. మనిషి కాదండి."

అప్పుడు ఆయన గొంతు తగ్గించి అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "గోదారి బావా, టీము ఓడిపోతే ఆ బరువు పదకొండు మంది మోత్తారు. పెనాల్టీ పోతే ఒక్కడే మోత్తాడు. ఆ ఒక్కడు ఎవుడో నీకు తెలీదు."

నా వెనక కూర్చున్న ఒకడు ఆయన మతాన్ని పట్టుకుని ఏదో కూశాడు. నేను వెనక్కి తిరిగి వాడి నోరు మూయించాను. ఈ తగువు మా ఇద్దరిదీ, రూలుది. దాన్ని ఇంకెవరికీ ఇవ్వదలుచుకోలేదు. ఓట్లలో నేను గెలిచాను. "నచ్చినా నచ్చకపోయినా రూలు రూలే. నానే ఆడిత్తాను" అని ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు ఫైనల్‌కి మళ్ళీ ఆ రెండు టీములే వచ్చాయి, అదీ డ్రా అయింది. పెనాల్టీలు. అన్నీ సమానంగా పడ్డాక మా తమ్ముడి వంతు వచ్చింది. వాడు కొట్టిన బంతి గోలు మీంచి లేచి, రోడ్డు దాటి, సోడా బండి మీద పడింది. సీసాలు పగిలిన చప్పుడుకి గ్రౌండంతా ఘొల్లుమని నవ్వింది. అవతలివాళ్ళు తర్వాతిది కొట్టి గెలిచారు. నవ్వు కాసేపట్లో తిట్లయింది, తిట్లు రాళ్ళయ్యాయి. రువ్వింది పాత ఊరివాళ్ళు కాదు, మా పోర్టు కాలనీవాళ్ళే. ఆయన మా తమ్ముణ్ణి చంకకింద ఇరికించుకుని, ఒక చేత్తో వాడి తల కప్పి, జనం మధ్యనుంచి బయటికి లాక్కొచ్చాడు. నా దగ్గరకి తోసి, "తీస్కో. నీ రూలు, నీ తమ్ముడు" అన్నాడు. ఆయన చెవి మీదనుంచి రక్తం కారుతోంది.

ఆ రోజు నుంచి ఊరు వాడి పేరు మరిచిపోయింది. బస్సులో "సోడా", కిళ్ళీకొట్టు దగ్గర "సోడా". కంపెనీ టెంపరరీ ఉద్యోగం పొడిగించలేదు. వాడు బూట్లు ఎవరికో ఇచ్చేసి, ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. అన్నం తినమంటే గోడకేసి తిరిగేవాడు. కొన్నాళ్ళకి పొద్దున్నే ఎక్కడికో పోవడం మొదలుపెట్టాడు. ఎక్కడికంటే చెప్పడు. చివరికి మా ఆఫీసు ప్యూను చెప్పాడు, రేకు పెట్టెల కొట్టులో చూశానని.

తిన్నగా అక్కడికి వెళ్ళాను. మా వాడు పెద్ద కత్తెరతో రేకు కోస్తున్నాడు. పక్కన ఆయన బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

"వీణ్ణి పెట్టెలు కొట్టుకోడానికి పెంచలేదండి నేను" అన్నాను.

"మరేటికి పెంచావ్? గోడకేసి సూడ్డానికా?"

"నా తమ్ముడి సంగతి నేను చూసుకుంటాను. మీకెందుకండి?"

"నాను పిలవనేదు. ఆడే వొచ్చి కూకున్నాడు. ఇక్కడెవుడూ ఆణ్ణి సోడా అన్డు. అన్నోడి సంగతి సందులో అడుగు."

సందులో అడగనక్కర్లేకపోయింది. అన్నవాడి మీదికి ఆయన సుత్తి పట్టుకుని దిగాడని అప్పటికే విని ఉన్నాను. "పదరా ఇంటికి" అన్నాను తమ్ముడితో. వాడు కత్తెర ఆపలేదు. "ఈ మూత పూర్తి చేసి వస్తాను, నువ్వెళ్ళన్నయ్యా" అన్నాడు. చాలా నెలల తర్వాత వాడు నాతో పూర్తిగా మాట్లాడిన వాక్యం అది. అది ఆయన కొట్టులో కూర్చుని మాట్లాడినందుకు ఆయన మీద నాకు ఇంకా మండింది.

ఆ కొట్టులో వాడు రేకు పనీ నేర్చాడు, విజిలూ నేర్చాడు. చిన్నపిల్లల మ్యాచ్‌లతో మొదలెట్టి రిఫరీ అయ్యాడు. స్టీలు ప్లాంటు కట్టడం మొదలయ్యాక ఆ చేతిపనే వాడికి అక్కడ ఉద్యోగం ఇప్పించింది. ఈ ఉపకారం కాదనను. కాని పండగనాడు ముందుగా ఆ ఇంటికి వెళ్ళి, తర్వాత మా ఇంటికి వచ్చే తమ్ముణ్ణి చూస్తూ బతకడం ఎలా ఉంటుందో అన్నయ్యలకే తెలుస్తుంది.

రూలు సంగతి చెప్పాలి. రాళ్ళు పడ్డ ఏడాది తర్వాత కమిటీలో ఎవరో మూడో దారి తెచ్చారు: తేలకపోతే మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆడించాలి. నేను వద్దన్నాను, డ్యూటీలున్న కుర్రాళ్ళకి రెండు రోజుల సెలవు ఎవడిస్తాడు? ఆయనా వద్దన్నాడు. "రాత్రి పడుకుని లేచినోడు నిన్నటోడు కాడు. అది ఏరే మ్యాచ్" అన్నాడు. జీవితంలో ఆ ఒక్కసారే ఇద్దరం ఒకవైపు ఓటేశాం, గదికి చెరో మూలా కూర్చుని. ఇద్దరం ఓడిపోయాం. ఈనాటికీ ఆ రూలే నడుస్తోంది. చల్లటి పొద్దుట కుర్రాళ్ళు హాయిగా ఆడుకుంటారు. మేమిద్దరం చెరోవైపు గీత దగ్గర నిలబడి ఆ రూలుని తిట్టుకునేవాళ్ళం.

కిందటి చలికాలంలో మార్కెట్లో ఎదురయ్యాడు. బాగా చిక్కిపోయాడు. చేతిసంచి మోయలేక మాటిమాటికీ నేల మీద పెడుతున్నాడు. అందుకోబోతే లాక్కున్నాడు.

"ఇంకా పెనాల్టీయే అంటావా?" అన్నాడు.

"అంటానండి."

"అయితే పో."

మా మధ్య ఆఖరి మాటలు అవే. ఇప్పటికీ పెనాల్టీయే అంటాను. నన్ను ఓడించడానికైనా సరే, మెత్తబడినట్టు నటించని మనిషి ఆయనొక్కడే. ఆఫీసులో, కాలనీలో, బంధువుల్లో అందరూ ఎదురుగా ఔనని వెనక కాదన్నవాళ్ళే. ఆయన కాదన్నది నా ఎదుటే. దానికి నేను రుణపడి ఉన్నాను, కోపం అలాగే ఉంచుకుని.

మధ్యాహ్నం వెళ్ళాను. ఖబరస్తాన్ గేటు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళాలా వద్దా అని అక్కడే ఆగిపోయాను. మట్టి వెయ్యడం అయిపోయింది. జనం నా పక్కనుంచే బయటికి వస్తున్నారు. లోపల మా తమ్ముడు ఒక్కడే మిగిలాడు. బకెట్లో నీళ్ళు తెచ్చి, చేత్తో తలవైపునుంచి కాళ్ళవైపు దాకా ఆ కొత్త మట్టి మీద చల్లుతున్నాడు. ఎర్రమట్టి నల్లబడుతోంది, ఎండకి అంతలోనే మళ్ళీ ఎర్రబడుతోంది. వాడు ఖాళీ బకెట్ పట్టుకుని, నా వైపు చూడకుండా, మళ్ళీ కుళాయి దగ్గరకి నడిచాడు.