తెలుగు తడిక

కోయంబత్తూరులోని ఆ మిల్లు ఆఫీసుకు కొత్త మేనేజరు వచ్చీ రాగానే చెక్క అడ్డుగోడలన్నీ పీకించేశాడు. ఎవరు పని చేస్తున్నారో, ఎవరు కునుకు తీస్తున్నారో తన కుర్చీలోంచే కనబడాలట. కనబడటం మాటేమో గానీ, వినబడటం ఎక్కువైంది. టైపు మిషన్ల టకటక, ఫోను గణగణ, ఒకరికి పడ్డ చీవాట్లు అందరి చెవుల్లోనూ. గుమాస్తా వెంకటపతి కూడిక మధ్యలో తప్పి మళ్ళీ మొదటికొచ్చేవాడు.

గది పోయినా గుట్టు ఎక్కడికి పోతుంది? వెంకటపతికీ, పక్క బల్ల దగ్గరి పెద్ద గుమాస్తా నల్లసామికీ ఇంటి భాష తెలుగు. మిగతా ఆఫీసంతా అరవం. మేనేజరును తిట్టుకోవాలన్నా, ఇంటి గొడవ చెప్పుకోవాలన్నా ఇద్దరూ తెలుగులోకి దిగేవాళ్ళు. అదే వాళ్ళ తడిక.

ఆ తడిక పక్కనే నిలబడి నీళ్ళు పోసేది అంజలమ్మ, ఆఫీసులో నీళ్ళ పనికున్న ఇద్దరిలో ఒకతె. పోదనూరు రైలుపట్టాల వెనక ఇల్లు. మిల్లు దుమ్ముకు దగ్గి దగ్గి మొగుడు మంచాన పడ్డాక మేస్త్రీ ఆమెను ఈ పనిలో పెట్టించాడు. ఆమెదీ తెలుగే. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. తెలుగులో నోరు విప్పితే ఏ వీధి, ఎవరివాళ్ళు అని ఆరా తీస్తారు. తెలిశాక ఆమె చేతి నీళ్ళు తాగుతారా? అయినా వాళ్ళ మాటలు వినడం ఆమెకు ఇష్టం. వెంకటపతి మేనేజరుకు పెట్టే పేర్లకు నవ్వు ఆపుకోలేక చచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆమె లోటాలో నీళ్ళు పోస్తుండగానే వెంకటపతి అన్నాడు: “గదులే లేవు కదన్నా, నీళ్ళకి ఇద్దరు ఎందుకు? ఈ ముసల్దాన్ని వచ్చే నెల నిలిపేస్తే సరి.”

పనివాళ్ళను ఉంచడం, తీసేయడం నల్లసామి చేతిలో ఉంది. ఆయన లెక్కల పుస్తకంలో పేజీ తిప్పాడు.

అంజలమ్మకు కోపం ముందొచ్చింది, భయం తరువాత. “నేనేమి తప్పు సేస్తి సామీ, నిలిపేదానికి?” అంది తెలుగులో.

వెంకటపతి ముఖం పాలిపోయింది. ఇన్నాళ్ళ తిట్లన్నీ గుర్తొచ్చాయి కాబోలు. అడిగింది మాత్రం వేరే. “నువ్వు తెలుగా? ఏ వీధి?”

చెప్పేసింది. ఇంకేం దాస్తుంది?

మర్నాడు వెంకటపతి బల్ల మీద ఇంటినుంచి తెచ్చుకున్న కూజా కనిపించింది. గోడలుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు హాలంతా చూసింది, ఆ కూజా ఎందుకొచ్చిందో గుసగుసలాడుకుంది, ఆ గుసగుస కూడా ఆమెకు వినబడింది. అంజలమ్మ బిందెతో నడిమధ్య నిలబడిపోయింది. తల దాచుకోవడానికి ఒక్క చెక్క గోడైనా ఉంటే బాగుండునని ఏడుపొచ్చింది.

నల్లసామి లేచాడు. గొంతెత్తి మాట్లాడే మనిషి కాదాయన. ఎదురుగా మేనేజరు చూస్తూనే ఉన్నాడు. లోటా చాచి హాలంతా వినేలా తెలుగులోనే అన్నాడు:

“నాకు పొయ్యి, అంజలమ్మా. వచ్చే నెలా నువ్వే పొయ్యాల.”