తలుపు దగ్గర ఆపిన కథ

మొన్న పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, ఫోనులో పాట కోసం వెతుకుతున్న నాకు, ఒకప్పుడు ఆన్‌లైన్‌లో మాకు కథలు రాయడం నేర్పిన రచయిత్రి గారి గొంతు వినిపించి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కరోనాకు మా అల్లూరు చర్చి మూసి, ఆదివారం ఆరాధన కూడా ఫోనులోనే జరుపుకుంటున్న రోజుల్లో, మా చెల్లెలు నన్ను ఆవిడ పాఠాల్లో చేర్పించింది.

అప్పటికి నాకు తెలిసిన కథంటే సాక్ష్యమే. మా సంఘంలో ఎవరు లేచినా కష్టం చెప్పుకుని, ప్రభువు ఎలా ఆదుకున్నాడో చెప్పి, స్తోత్రంతో ముగిస్తారు; మేమంతా ఆమేన్ అంటాం. నేనూ అలాగే రాశాను. చిన్నామె రొయ్యల గుంట ఉప్పునీరు పెద్దామె వరిమడిలోకి వచ్చిందని మాటలు మానేసిన ఇద్దరు తోడికోడళ్ళు. ఒకరితో ఒకరు సమాధానపడకుండా, రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళకూడదు గనుక, ఆదివారం తెల్లవారుతూనే చిన్నామె వచ్చి పెద్దామె తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుంటుంది, ఇద్దరూ మోకరిస్తారు, పేజీ నిండా ప్రార్థన.

రచయిత్రి గారు చదివి, “తలుపు తట్టిన చోట ఆపేయండమ్మా, తర్వాతది తీసేయండి” అన్నారు.

తీసేయమన్న ఆ పేజీలోనే ప్రభువు పేరుంది. నలుగురి ముందు ఆయన పేరు చెప్పడానికి సిగ్గుపడినట్టవుతుందేమోనని నాకు అన్నం సహించలేదు. చివరికి సువార్త తెరిచి ఉపమానాలు చదువుకున్నాను. తప్పిపోయిన కొడుకు ఇల్లు చేరాక, అలిగిన అన్న బయటే నిలబడ్డాడు, తండ్రి వచ్చి బతిమాలాడు. ఆ తర్వాత అతను లోపలికి వెళ్ళాడనే సండే స్కూలు పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పాను. తీరా చూస్తే అక్కడ ఆ మాటే లేదు. ప్రభువు కూడా ఆ కథను వాకిట్లోనే ఆపేశాడు. ప్రార్థన చేసుకుని పేజీ తీసేశాను.

చర్చి మళ్ళీ తెరిచాక ఆ కథను స్త్రీల సమాజంలో చదివాను. ఎవరూ ఆమేన్ అనలేదు.

“ఏందిమే, ఆడ నిలబెట్టేసినావు? తలుపు తీసిందా లేదా?” అంది మా మేనత్త.

“యాడ తీస్తది? మడంతా చౌడైపోయె,” అంది మా వదిన.

“తీసే ఉంటది లే. నీ తోడికోడలు తడితే నువ్వు తీయవా?” అంది మేనత్త.

“నేనా? గడియ ఇంకాస్త బిగిస్తా!”

నవ్వులు, వాదనలు; ఇళ్ళకు వెళ్ళడం మరిచి సమాధానపడడం గురించే మాట్లాడుకున్నారు. ఏ ప్రసంగం తర్వాతా మా వాళ్ళు అంతసేపు కూర్చోవడం నేను చూడలేదు. ఆ కథ తర్వాత పత్రికలో అచ్చయింది గాని, ఆ మధ్యాహ్నపు గర్వం ముందు అది చిన్నదే. ఆ గర్వాన్ని ప్రభువు మన్నిస్తాడనే నా నమ్మకం.

ఇప్పుడు మా సమాజం పలచబడింది, ఆమేన్ అనగానే ఎవరి బండి వాళ్ళు ఎక్కి వెళ్ళిపోతారు. మేనత్త ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ పోయినప్పటి నుంచి, ఆ కథ మాట వస్తే, తలుపు తీసే ఉంటుందని మా వదినే అంటోంది. కాదని వాదించేవాళ్ళే లేరు.