ఒక్క షాఫ్టుకు రెండు సైజుల బేరింగులు

మీలో ఎవరైనా చిన్నప్పుడు చక్రాలకు బదులు పాత బేరింగులు బిగించిన చెక్క బండి తోలారా? నిన్న పాలిటెక్నిక్ ల్యాబులో గ్రీజు వాసన రాగానే జూలూరుపాడులోని మా బండి గుర్తొచ్చింది. అది ఎప్పుడూ ఎడమకే లాగేది.

దాని ముందు చక్రాలు మా బావి మోటారు పాత బేరింగులు. రిపేరు చేసినవాడు పాత పార్టులు తిరిగివ్వాలి, లేకపోతే మా దగ్గర ఎవరూ నమ్మరు. మెకానిక్ ఖాసిం చాచా రెండూ ఇచ్చాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఒక్క షాఫ్టుకు రెండు సైజులేంది? మంచిది దాచుకొని ఎవరిదో అంటగట్టినవ్," అన్నాడు నాన్న.

"షాఫ్టు రెండు కొనలు ఒక్క తీరుండవన్నా," అన్నాడు చాచా.

నాన్న వినలేదు. మేము చాచా షాపుకు పోవడం బంద్ అయింది.

నిన్న సార్ విప్పిన మోటారుకు ఒకవైపు 6205, రెండోవైపు 6204 నంబరు బేరింగులు ఉన్నాయి. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత: ఇరవై ఐదు, ఇరవై మిల్లీమీటర్లు. నాన్నకు ఫోన్ చేసి, అటక మీది బండి దించి చూడమన్నాను. అవే నంబర్లు!

"ఆ నంబర్లు ఖాసిమే చెక్కిండేమో," అన్నాడు నాన్న.

ఇందాక అమ్మ ఫోన్ చేసింది. "మంచిగ నడిచే బావి మోటారును ఆటోల ఎక్కించిండు మీ నాన్న. జేబుల ఆ రెండు బేరింగులు. ఖాసింతోనే మోటారు విప్పించి, అవి ఆ షాఫ్టుకు పడతయో లేదో తొడిగి చూస్తడట!"